ఒంటరి పరుగు, ఉమ్మడి తెడ్డు: దమ్ము ఆటల్లో స్వభావం పాత్ర ఎంత?

మారథాన్ పరుగెత్తేవాళ్లు తమ లోకంలో తాముంటారని, జట్టులో ఆడేవాళ్లు నలుగురితో కలివిడిగా ఉంటారని ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. పిల్లవాడు ముభావంగా ఉంటే పరుగుకో ఈతకో పంపండి, మాటకారి అయితే జట్టు ఆటలో చేర్చండి అని సలహా ఇచ్చే కోచ్‌లూ ఉన్నారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. కానీ అది ఎంత నిజం, ఏ ఆటకు వర్తిస్తుంది, ఎవరి విషయంలో తలకిందులవుతుంది అన్నది తేల్చుకోకుండా ఒక పిల్లవాడి దారి మళ్లించడం నాకు అన్యాయంగా తోస్తుంది.

దూరపు పరుగు, సైక్లింగ్, ఈత, రోయింగ్ (తెడ్లతో పడవ పందెం), మంచు మీద దూరాలు సాగే క్రాస్‌కంట్రీ స్కీయింగ్, ఈత, సైకిల్, పరుగు మూడూ కలిసిన ట్రయాథ్లాన్ లాంటివి దమ్ము ఆటలు, అంటే ఎండ్యూరెన్స్ క్రీడలు. నైపుణ్యం వీటిలోనూ కావాలి. అయినా గెలుపోటములు ఎక్కువగా తేలేది ఊపిరి ఎగపోస్తున్నా, తొడలు మండిపోతున్నా వేగం తగ్గకుండా ఎంతసేపు నిలబడగలరన్న దగ్గరే. బాధతో ఇంత సావాసం ఉన్న ఆటలు కాబట్టే వీళ్లు ఎలాంటి మనుషులై ఉంటారన్న కుతూహలం పరిశోధకులకు మొదటి నుంచీ ఉంది.

మనిషి స్వభావాన్ని కొలవడానికి మనస్తత్వ శాస్త్రంలో ఇప్పుడు ఎక్కువగా వాడేది ఐదు లక్షణాల నమూనా. కలివిడితనం, క్రమశిక్షణ, సర్దుకుపోయే గుణం, కలత చెందే స్వభావం, కొత్తదనం మీద ఆసక్తి అనేవి ఆ ఐదు. ఒక లక్షణం మనిషిలో ఉందా లేదా అని కాదు, ఎంత మోతాదులో ఉందని చూస్తారు. ‘మొదలుపెట్టిన పని పూర్తి చేస్తాను’ లాంటి వాక్యాలు ఇచ్చి, అది తమకు ఎంతవరకు సరిపోతుందో చెప్పమంటారు. అంటే కొలిచేది మనిషి తన గురించి తాను చెప్పుకున్న మాటనే. జట్టులో చోటు కోసం ఎదురుచూస్తున్న కుర్రాడు ఆ వాక్యం ఎదురుగా ఏ గడిలో టిక్కు పెడతాడో ఊహించడం కష్టం కాదు.

ఈ పరీక్షలతో వ్యక్తిగత క్రీడాకారులనీ జట్టు క్రీడాకారులనీ పోల్చినవాళ్లు చాలామందే ఉన్నారు. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో జట్టు ఆటలవాళ్లలో కలివిడితనం ఎక్కువగా కనిపించింది. 2010లో ఇరాన్ పరిశోధకులు నియా, బెషారత్ చేసిన పోలికలో వ్యక్తిగత క్రీడలవాళ్లు క్రమశిక్షణలోనూ స్వతంత్ర ధోరణిలోనూ ముందున్నారు. జట్టువాళ్లు సర్దుకుపోయే గుణంలోనూ, ఇతరుల ఆదరణ కోరుకోవడంలోనూ ముందున్నారు. లోకం అనుకునేదానికి ఇది దగ్గరగానే ఉంది. అయితే ఇలాంటి అధ్యయనాలు చాలావరకు ఆటలన్నింటినీ రెండు గంపల్లో పోసేస్తాయి. షూటింగ్, కుస్తీ, మారథాన్ ఒక గంపలో పడతాయి. వాలీబాల్, ఫుట్‌బాల్ ఇంకో గంపలో పడతాయి. మారథాన్ మనిషికీ షూటర్‌కీ ఉన్న పోలిక ఎంత? ఇద్దరి పక్కనా సహచరుడు లేడు, అంతే.

ఇంకో విషయం సగటుకు సంబంధించినది. రెండు గుంపుల సగటులో తేడా ఉందనగానే ఆ గుంపువాళ్లందరూ అలాగే ఉంటారని మన మనసు అనేసుకుంటుంది. లెక్క వేసి చూద్దాం. కలివిడితనంలో రెండు గుంపుల సగటుల మధ్య తేడా, మనుషుల మధ్య సహజంగా ఉండే చెదురులో (గణాంకాల్లో ప్రామాణిక విచలనం అంటారు) 0.3 వంతు ఉందనుకోండి. మనస్తత్వ పరిశోధనల్లో ఇది చిన్న తేడాయే అయినా కొట్టిపారేసేది కాదు. అయినా అప్పుడు రెండు గుంపులూ 88 శాతం మేర ఒకదాని మీద ఒకటి కప్పుకుని ఉంటాయి. జట్టు నుంచి ఒకరిని, ఒంటరి ఆట నుంచి ఒకరిని యాదృచ్ఛికంగా తీసి పక్కపక్కన నిలబెడితే, 100 జతల్లో 58 జతలు మాత్రమే అనుకున్న దిశలో ఉంటాయి. మిగతా 42 జతల్లో ఒంటరి ఆటవాడే ఎక్కువ కలివిడిగా ఉంటాడు. ఈ లెక్కతో ఒక గుంపు గురించి వ్యాసం రాయవచ్చు. ఎదురుగా కూర్చున్న మనిషి గురించి తీర్పు చెప్పడం కుదరదు.

వయసు కూడా ఈ లెక్కలో దూరిపోతుంది. క్రమశిక్షణ, సర్దుకుపోయే గుణం సగటున వయసుతో పాటు పెరుగుతాయని దీర్ఘకాల అధ్యయనాలు చెబుతున్నాయి. మారథాన్, ట్రయాథ్లాన్ లాంటి వాటికి ముప్పై, నలభై ఏళ్లు దాటాక వచ్చేవాళ్లు ఎక్కువ. జట్టు ఆటల పరిశోధనల్లో దొరికేది తరచూ కాలేజీ విద్యార్థులే. ఈ ఇద్దరినీ పోల్చి పరుగు మనిషిలో క్రమశిక్షణ ఎక్కువ అంటే, అది పరుగు తెచ్చిందో వయసు తెచ్చిందో చెప్పడం కష్టం.

గీత ఎక్కడ గీస్తాం?

ఇక అసలు చిక్కుముడి. వ్యక్తిగతం, జట్టు అని మనం గీసుకున్న గీత ఎండ్యూరెన్స్ క్రీడల్లో నిలబడదు.

వెలోడ్రోమ్‌లో, అంటే అంచులు వాలుగా లేచిన సైకిల్ పందేల ట్రాక్ మీద జరిగే టీమ్ పర్స్యూట్ చూడండి. నలుగురు సైక్లిస్టులు ఒకరి చక్రం వెనక ఒకరు, అంగుళాల ఎడంతో, 4 కిలోమీటర్లు తొక్కుతారు. 250 మీటర్ల ట్రాక్ మీద 16 చుట్లు. అగ్రశ్రేణి పురుషుల జట్లకు నాలుగు నిమిషాలు కూడా పట్టదు. సగటు వేగం గంటకు 60 కిలోమీటర్లు దాటుతుంది. ముందున్నవాడు గాలిని చీలుస్తాడు, వెనకవాళ్లకు ఆ చాటు దొరుకుతుంది. తన వంతు అవగానే ముందున్నవాడు ట్రాక్ వాలు మీదికి ఎక్కి, మిగతా ముగ్గురిని కింద నుంచి పోనిచ్చి, సరిగ్గా మూడో చక్రం వెనక్కి దిగాలి. రెప్పపాటు ఆలస్యమైతే ఆ చాటు పోయినట్టే, మళ్లీ అందుకోవడం దాదాపు అసాధ్యం. గడియారం ఆగేది మూడో సైక్లిస్టు ముందు చక్రం గీత దాటినప్పుడు. కాబట్టి నలుగురూ చివరిదాకా ఉండనక్కర్లేదు. చాలా జట్లు నాలుగో మనిషిని చివర్లో ఒక పెద్ద వంతు లాగించి, ఒంట్లో ఉన్నదంతా ఖర్చు చేయించి, పక్కకు తప్పుకోనిస్తాయి. అతను ఒంటరిగా వెనకబడిపోతుంటే మిగతా ముగ్గురు సమయం నమోదు చేస్తారు. పతకం మాత్రం అతనికీ వస్తుంది.

ఈ నాలుగో మనిషికి ఏ స్వభావం కావాలి? తన ఓటమి కనపడేలా తొక్కడానికి సిద్ధపడే గుణం కావాలి. దాన్ని కలివిడితనం అనలేం. శిబిరంలో ఎవరితోనూ మాట్లాడని మనిషి కూడా ఆ వంతు అద్భుతంగా లాగగలడు.

రోడ్డు సైక్లింగ్ మరీ విచిత్రం. రోజుకో దశగా సాగే టూర్ డి ఫ్రాన్స్ పందెంలో 21 దశలు, ఒక్కో జట్టుకు 8 మంది. విజేతగా రికార్డుల్లో ఎక్కేది ఒక్కరి పేరే. మిగతా ఏడుగురు అతని కోసం గాలి మోస్తారు, నీళ్ల సీసాలు తెస్తారు, అతని చక్రం పంక్చరైతే తమది ఇచ్చేస్తారు. 2012లో బ్రాడ్లీ విగ్గిన్స్ గెలిచినప్పుడు అతని సహాయకుడిగా తొక్కినవాడు క్రిస్ ఫ్రూమ్. కొండ దారుల్లో తన నాయకుడి కంటే బలంగా కనిపించినా ఆగి, అతనికి తోడుగా వెళ్లి, రెండో స్థానంతో ముగించాడు. మరుసటి ఏడాది నాయకుడి బాధ్యత దక్కితే తానే గెలిచాడు. ఆ తర్వాత 2015, 2016, 2017లో కూడా గెలిచాడు. ఏడాదిలో మనిషి స్వభావం మారిపోదు కదా. మారింది పాత్ర. 2012లో ఎవరైనా అతని ప్రవర్తన చూసి సర్దుకుపోయే మనిషి అనీ, 2013లో చూసి పోటీతత్వం నిండిన మనిషి అనీ రాసి ఉంటే రెండూ పొరపాటే అయ్యేవి. ప్రవర్తన నుంచి స్వభావాన్ని చదివేటప్పుడు ఈ తప్పు ఎంత సులువుగా జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

జపాన్‌లో 1920 నుంచి జరుగుతున్న హకోనే ఎకిడెన్ అనే రోడ్డు రిలే పరుగులో ఒక విశ్వవిద్యాలయం తరఫున పదిమంది, రెండు రోజుల్లో 217.1 కిలోమీటర్లు పరుగెత్తుతారు. ఒక్కొక్కరి వంతు సుమారు 20 కిలోమీటర్లు. రోడ్డు మీద ఉన్నంతసేపూ ఎవరికి వారే; పక్కన సహచరుడు ఉండడు. కానీ భుజం మీద తసుకి అనే పట్టీ ఉంటుంది, దాన్ని తరువాతి మనిషికి అందించాలి. మొదటి స్థానంలో ఉన్న జట్టు కంటే నిర్ణీత సమయానికి మించి వెనకబడితే, తరువాతి రన్నర్‌ను వేరే పట్టీ కట్టి పంపించేస్తారు. తమ విశ్వవిద్యాలయం పట్టీతో ఆలస్యంగా చేరిన కుర్రాడికి దాన్ని అందుకునే చేయి ఉండదు. ఇది ఒంటరి ఆటా, జట్టు ఆటా? శరీరానికి ఒంటరి, బాధ్యతకు ఉమ్మడి.

మారథాన్‌ను కూడా ఒంటరి ఆట అనేముందు ఆలోచించాలి. 2019 అక్టోబరు 12న వియన్నాలో కెన్యా రన్నర్ ఎలియుడ్ కిప్చోగే 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో ఆ దూరం పూర్తి చేసినప్పుడు, వంతులవారీగా అతని చుట్టూ పరుగెత్తినవాళ్లు 41 మంది. అతని సాధన కెన్యాలోని కప్తగాత్ శిబిరంలో. అక్కడ అందరూ కలిసే ఉంటారు, కలిసే పరుగెత్తుతారు. పాయిఖానాలు కడగడంతో సహా పనులన్నీ వంతులు వేసుకుని చేస్తారు, ప్రపంచ విజేత వంతు కూడా అందులో ఉంటుంది. ఒంటరి ఆటల రాజు అనదగిన మనిషి రోజూ బతికేది జట్టు బతుకే.

అందుకే నా దృష్టిలో అడగాల్సిన ప్రశ్న వేరు. ఆట పేరు వ్యక్తిగతమా, జట్టా అన్నది పక్కన పెట్టి, ఆ ఆటలో బాధ ఎవరి మీద పడుతుంది, బాధ్యత ఎవరు మోస్తారు, ఒకరి తప్పు ఇంకొకరికి ఎంత తగులుతుంది అని చూడాలి. స్వభావాల తేడాలు బయటపడేది అక్కడే.

పక్కన మనిషి ఉంటే

ఈ కోణంలో పరిశోధన చాలా పాతది. 1898లో అమెరికాలో నార్మన్ ట్రిప్లెట్ సైకిల్ పందేల రికార్డులు తిరగేసి, ఒంటరిగా తొక్కినప్పటి కంటే పక్కన మరొకరు ఉన్నప్పుడు వేగం పెరుగుతోందని గమనించాడు. తర్వాత పిల్లలకు చేపల గాలపు రీలు ఇచ్చి చుట్టమన్నాడు. ఈ ప్రయోగం గురించి చెప్పేవాళ్లు తోడుంటే వేగం పెరుగుతుందన్న ఒక్క ముక్కే చెబుతారు. నాకు మాత్రం అసలు ఫలితం అంతకంటే విలువైనదనిపిస్తుంది. అతను వివరంగా చూపిన 40 మంది పిల్లల్లో సగం మంది తోడు ఉంటే వేగంగా చుట్టారు, పావు వంతు మంది నెమ్మదించారు, మిగతా పావు వంతులో తేడా లేదు. పక్కన మనిషి ఉండటం ఒకరికి ఊపిరి, ఇంకొకరికి ఉక్కిరిబిక్కిరి. స్వభావం గురించి మాట్లాడాల్సింది ఇక్కడే.

తోడు ఎప్పుడూ మేలే చేస్తుందా అంటే అదీ కాదు. ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు రింగెల్‌మాన్ తాడు లాగించి కొలిచాడు. 1913లో అచ్చయిన ఆ లెక్కల్లో ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి బలం ఒంటరిగా లాగినప్పటి దాంట్లో సగానికి పడిపోయింది. లయ కుదరకపోవడం కొంత కారణం, ‘ఇంతమందిలో నేను కాస్త తగ్గితే ఎవరికి తెలుస్తుంది’ అనే సడలింపు ఇంకొంత. 1920ల్లో జర్మనీలో ఓటో కోలర్ రోయింగ్ క్లబ్ సభ్యులతో బరువులు ఎత్తించి ఇందుకు విరుద్ధమైనది చూశాడు. జంటలో ఒకరు ఆగితే పని మొత్తం ఆగిపోయే పరిస్థితిలో, బలహీనుడు ఒంటరిగా చేసినదాని కంటే ఎక్కువ సేపు నిలబడ్డాడు. ఇద్దరి బలాల మధ్య తేడా ఓ మోస్తరుగా ఉన్నప్పుడు ఇది బాగా పనిచేస్తుంది.

ఈ రెండింటినీ కలిపే తాళంచెవి 1989లో ప్రచురితమైన ఈత ప్రయోగంలో దొరుకుతుంది. రిలేలో ఒక్కొక్కరి సమయాన్ని బయటికి ప్రకటించినప్పుడు ఈతగాళ్లు ఒంటరిగా ఈదినప్పటి కంటే వేగంగా ఈదారు. ప్రకటించనప్పుడు ఒంటరిగా ఈదినప్పటి కంటే నెమ్మదించారు. మనుషులు వాళ్లే, కొలను అదే. తన వంతు శ్రమ కనబడుతోందా లేదా అన్నదే తేడా. క్రమశిక్షణ, సర్దుకుపోయే గుణం ఎక్కువ ఉన్నవాళ్లలో ఈ సడలింపు తక్కువని ఇతర పరిశోధనలు చెబుతాయి. చూసేవాళ్లు లేనప్పుడు కూడా తెడ్డు అంతే బలంగా వేసేవాడు పడవకు దొరికితే అదృష్టమే. కానీ పరిస్థితిని సరిగ్గా అమర్చుకున్న కోచ్‌కు అందరూ అలాంటివాళ్లే కానక్కర్లేదు.

రోయింగ్ గురించి ఇంకొకటి చెప్పాలి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం రోయర్లతో చేసి 2009లో ప్రచురించిన ప్రయోగంలో వాళ్లు 45 నిమిషాలు యంత్రం మీద తెడ్డు వేశారు; ఒకసారి ఒంటరిగా, ఇంకోసారి సహచరులతో ఒకే లయలో. తర్వాత రక్తపోటు కొలిచే పట్టీని చేతికి బిగిస్తూ ఎప్పుడు నొప్పి పుడుతుందో చూశారు. చేసిన పని ఇంచుమించు సమానమే అయినా, కలిసి వేసిన రోజున నొప్పి ఓర్చుకునే హద్దు ఎక్కువగా ఉంది. ఇది 12 మందితో చేసిన చిన్న ప్రయోగం, దాని మీద మరీ పెద్ద మేడ కట్టకూడదు. అయినా ‘ఇతను బాధ ఓర్చుకునే రకం’ అని మనిషికి అంటించే గుణంలో కొంత భాగం ఆ మనిషి ఎవరి పక్కన కూర్చున్నాడన్న దాన్నుంచి వస్తుండవచ్చని ఇది గట్టిగానే గుర్తుచేస్తుంది.

స్వభావం నిజంగా బరువు తూగే చోట్లు

అలాగని స్వభావం అబద్ధం కాదు. ఎండ్యూరెన్స్ క్రీడల్లో దాని ప్రభావం పోటీ రోజున కంటే సాధన జరిగే ఏళ్లలో ఎక్కువ. అగ్రశ్రేణి క్రాస్‌కంట్రీ స్కీయర్లు ఏడాదికి 800 గంటలకు పైగా సాధన చేస్తారు. అందులో సుమారు 80 శాతం నెమ్మది వేగంలోనే ఉంటుంది. ఇక్కడ క్రమశిక్షణ అంటే పళ్లబిగువున పరుగెత్తడం అనుకుంటాం. నెమ్మదిగా పరుగెత్తాల్సిన రోజున, పక్కవాడు దాటిపోతున్నా నెమ్మదిగానే పరుగెత్తడం అంతకంటే కష్టమైన క్రమశిక్షణ. రోజురోజూ చేసిన సాధనను నోట్‌బుక్‌లో రాసుకునే అలవాటు కిప్చోగేకు ఏళ్ల తరబడి ఉంది.

ఇదే గుణం మితిమీరితే ముప్పు. కెనడా పరిశోధకుడు రాబర్ట్ వాలరాండ్ ఇష్టాన్ని రెండు రకాలుగా చూస్తాడు: జీవితంలో మిగతావాటితో పొసిగే ఇష్టం, మనిషినే లొంగదీసుకునే ఇష్టం. రెండోది ఉన్న రన్నర్ పిక్క నొప్పి పుట్టినా ఆగడు, ఆగితే తనెవరో తనకే తెలియనట్టు ఉంటుంది. జట్టులో ఉంటే ఎవరో ఒకరు గమనించి కూర్చోబెడతారు. ఒంటరిగా సాధన చేసేవాడికి ఆ అడ్డుకట్ట లేదు.

ఓటమి దగ్గర తేడా మరీ స్పష్టం. జర్మనీలో యువ క్రీడాకారుల మీద చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో జట్టు ఆటల వారికంటే వ్యక్తిగత క్రీడల వారిలో కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. ఓడిపోయాక కారణమంతా తమ మీదే వేసుకోవడంతో దానికి సంబంధం ఉన్నట్టు తేలింది. ఓటమిని పంచుకోవడానికి ఇంకో భుజం లేని ఆటలో, కలత చెందే స్వభావం ఉన్న పిల్లకు ఆ బరువు రెట్టింపవుతుంది. ఆ పిల్ల ఆట మానేయాలని కాదు. పోటీ అయ్యాక ఆ గంటలో పక్కన ఎవరుండాలి, ఏం మాట్లాడాలి అన్నది ముందే ఆలోచించుకోవాలి. పెద్దలు తరచూ వదిలేసేది సరిగ్గా ఆ గంటనే.

ఆటే మనిషిని ఇలా మలిచిందా, ఇలాంటివాళ్లే ఆ ఆటను ఎంచుకున్నారా? రెండూ కొంత కొంత అనే చెప్పాలి. క్రమశిక్షణ లేనివాడు తెల్లవారుజామున లేచి ఈతకొలనుకు వెళ్లడం నాలుగు వారాల్లో మానేస్తాడు, మిగిలినవాళ్లనే మనం కొలుస్తాం. మరోవైపు, శారీరక శ్రమ లేకుండా గడిపేవాళ్లలో క్రమశిక్షణ, కలివిడితనం ఏళ్లు గడిచేకొద్దీ ఎక్కువగా తగ్గుతున్నట్టు పెద్దవాళ్ల మీద చేసిన దీర్ఘకాల అధ్యయనాలు చూపించాయి. కాబట్టి ప్రభావం అటూ ఇటూ నడుస్తుంది.

పైస్థాయికి వెళ్లేకొద్దీ పరీక్షల పదును మొద్దుబారుతుంది. అగ్రశ్రేణి అల్ట్రామారథాన్ (మారథాన్‌ను మించిన దూరాల పరుగు) రన్నర్ల మీద 2020లో వెలువడిన ఒక అధ్యయనంలో వాళ్ల మానసిక దృఢత్వం ఇతర క్రీడాకారుల కంటే ఎక్కువగానే తేలింది. కానీ వాళ్లలో వాళ్లకు పోలిస్తే, ఆ స్కోరుకూ ఎవరు ముందు వచ్చారన్న దానికీ సంబంధం దొరకలేదు. గడప దాటడానికి ఆ గుణం కావాలి. గడప దాటినవాళ్లందరికీ అది ఉంటుంది కాబట్టి, లోపల వరుస తేల్చేవి వేరే. మనోస్థితిని కొలిచే ప్రశ్నావళులతో విజేతలను ముందే గుర్తించవచ్చని 1970ల నుంచి చాలా ఆశ పెట్టుకున్నారు. 1995లో ఆ పరిశోధనలన్నీ కలిపి లెక్కేస్తే, ఫలితాల్లోని తేడాలో వాటి వాటా 1 శాతం కూడా లేదు.

జట్టు ఎంపికకు ఈ పరీక్షలు ఎందుకు చాలవో రోయింగ్ కోచ్‌లు వాడే సీట్ రేసింగ్ పద్ధతి చూపిస్తుంది. రెండు పడవలను పక్కపక్కన పరుగు తీయిస్తారు, మధ్య దూరం కొలుస్తారు. తర్వాత ఒక పడవలోంచి ఒకరిని, ఇంకో పడవలోంచి ఒకరిని మార్చి, మిగతా అందరినీ ఉన్నచోటే ఉంచి, మళ్లీ పరుగు తీయిస్తారు. దూరంలో వచ్చిన మార్పే ఆ ఇద్దరి మధ్య తేడా. యంత్రం మీద బలమైన అంకెలు చూపించినవాడు కూర్చున్న పడవ ఒక్కోసారి నెమ్మదిస్తుంది. తక్కువ అంకెలు ఉన్నవాడు ఎక్కితే ముందుకు దూకుతుంది. అతను కలివిడి మనిషా, ముభావియా అని అక్కడ ఎవరూ అడగరు. మిగతా ముగ్గురితోనో ఏడుగురితోనో అతని తెడ్డు కలుస్తోందా అన్నది నీళ్ల మీదే తేలిపోతుంది.